జీపు కమాన్లూ, చెప్పు పట్టీ

ఓబులేసుకు ఇంకొకరి చేత పని చేయించుకోవడం నామోషీ. మోటారు చెడినా, ఇంటి కప్పు కారినా తానే దిగేవాడు, తానే ఎక్కేవాడు. చేతులుండి మరొకరిని పిలిచేవాడు బద్ధకస్తుడని అతని నమ్మకం.

కొండ కింద లాలుషా బాబా దగ్గర అతను శిష్యుడిగా చేరి పదకొండేళ్లు. అక్కడి పాత జీపు బాధ్యత అతనిదే. వారానికి రెండుసార్లు కిడ్నీ రోగులను అందులో కొండ మీది ఘాటు రోడ్డు దాటించి, రక్తం శుద్ధి చేసే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒక్కసారి తప్పినా వాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఆ జీపు బరువు మోసే కమాన్లు, అంటే చక్రాల మీది ఇనుప పట్టీల స్ప్రింగులు, కూలబడ్డాయి. గుంటలో దిగితే లోపలివాళ్ల నడుములు అదిరిపోతున్నాయి.

రోడ్డు మీది మెకానిక్ దస్తగిరి బండి చూసి, "సామాను తెచ్చియ్యన్నా, ఒక్క పూటలో వేసిస్తా" అన్నాడు.

"సామాను తెచ్చేటోనికి వేసుకోవడం రాదా?"

దస్తగిరి నవ్వాడు. "ఇది నులక మంచం కాదన్నా, బిగించి పండుకునేదానికి."

ఆ మాట ఓబులేసుకు ముల్లులా దిగింది. నేరుగా బాబా దగ్గరికి వెళ్లాడు.

"బాబా, మన బండి మనమే బాగుచేసుకోవడం మంచిదా, షాపులో పెట్టడం మంచిదా?"

"బండి బాగుపడడం మంచిది" అన్నారు బాబా.

ఓబులేసు దాన్ని అనుమతి కింద తీసుకున్నాడు. రెండు రోజులు జీపు కిందే పడుకున్నాడు. చక్రాలు నేలకు తగలకుండా జాకీ మీద ఎత్తి, దిమ్మెలు ఆనించి, కొత్త కమాన్లు, వాటి కొసల్లో నట్టు పట్టే చోట కొత్త రబ్బరు బుష్‌లు, కొత్త షాకబ్జర్లు వేశాడు. బండి ఇంకా గాల్లో ఉండగానే పానాకు తన ఒంటి బలమంతా పెట్టి ఒక్కొక్క నట్టూ బిగించాడు.

బాబా వసారాలో మంచం మీద కూర్చుని అదంతా చూస్తూనే ఉన్నారు. వయసులో ఉండగా ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషి.

"అయిపోయింది బాబా! ఇంక ఒక్క నట్టు కదలదు. పొద్దున హుస్సేనమ్మవ్వను పువ్వులా తీసుకుపోతా."

మరునాటి ఆసుపత్రి ప్రయాణానికి ముందే వచ్చి గోడకానుకుని కూర్చున్న హుస్సేనమ్మ, "పువ్వులా వద్దులే నాయనా, మనిషిలా తీసుకుపో చాలు" అంది.

బాబా నవ్వి, మంచం మీద నుంచే ఒక కాలు ముందుకు చాపారు. "బేటా, ఈ చెప్పు పట్టీ వదులైంది, బిగించు. వచ్చి నీ పని చూస్తా."

ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుని, ఎంతో భక్తిగా చివరి రంధ్రం దాకా లాగి పెట్టాడు.

బాబా లేచి రెండడుగులు వేశారు. మూడో అడుగుకు స్తంభం పట్టుకుని ఆగిపోయారు.

"అయ్యో, పాదం కోసుకపోతాంది కదరా!" అంది హుస్సేనమ్మ.

ఓబులేసు గబగబా పట్టీ విప్పాడు. అతని ముఖం ఎర్రబడింది. "సరిగానే బిగించినాను కదా బాబా..."

"సరిగానే బిగించినావు. అప్పుడు నా కాలు గాల్లో ఉంది."

బాబా ఆ పాదం నేలకానించి, దాని మీద ఒళ్లంతా మోపి నిలబడ్డారు. "ఇప్పుడు పెట్టు."

పాదం వెడల్పయింది. పట్టీ రెండు రంధ్రాలు ఇవతలే ఆగింది.

ఓబులేసు చెయ్యి కూడా అక్కడే ఆగింది. అతను తల తిప్పి జీపు వైపు చూశాడు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. ఇప్పుడు దించితే బరువంతా పడి కమాన్లు అణుగుతాయి. నట్టు కింద కదలకుండా పట్టేసిన రబ్బరు మెలి తిరుగుతుంది. ఘాటు మలుపుల్లో అది ఎన్నాళ్లు ఆగుతుంది?

అతను లేచి రోడ్డు మీదికి నడిచాడు.

"దస్తగిరీ, పని నేనే చేస్తా. నువ్వొచ్చి పక్కన నిలబడతావా?"

దస్తగిరి ఈసారి నవ్వలేదు. చేతులు తుడుచుకుని వెంట వచ్చాడు.

నట్లన్నీ వదులు చేసి జీపును నేలకు దించారు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. ఓబులేసు పానా పట్టుకుని మళ్లీ కిందికి దూరబోతుంటే తలుపు చప్పుడైంది. బాబా ముందు సీట్లో కూర్చున్నారు. వెనక హుస్సేనమ్మ కొంగు సర్దుకుంటోంది.

"పని కాలేదు బాబా, అప్పుడే ఎక్కినారేం?"

"నువ్వు బిగించు బేటా" అన్నారు బాబా. "బరువుకు మేమున్నాం."