నీటిగుంట అమ్మిన నీడ

ఒక బస్టాండు ఎదురుగా, రోడ్డు నడుమ, ఒక నీటిగుంట ఉండేది. పెద్దదేమీ కాదు. వానలు మొదలవగానే పుట్టింది, ఎండలు ముదిరితే పోతుంది. సైకిలు చక్రం సగం కూడా మునగని లోతు. అయినా దానికి తన మీద తనకు చాలా మంచి అభిప్రాయం ఉండేది.

పైనుంచి ఏది పోయినా దాని నీడ పట్టుకోవడం ఆ గుంటకు సరదా. కాకి పోతే కాకిని పట్టేది. కరెంటు తీగ మీద వరసగా కూర్చున్న పిచ్చుకల్ని పట్టేది. బస్సు దిగేవాళ్ళ అరిగిపోయిన చెప్పుల అడుగుల్ని, గొడుగుల లోపలి విరిగిన చువ్వల్ని కూడా వదిలేది కాదు. పట్టి, కాసేపు చూసుకుని, మురిసిపోయి వదిలేసేది. పట్టినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అదీ ఏమీ అడగలేదు.

ఒక ఉదయం ఇద్దరు ఆడవాళ్ళు బస్సు కోసం గుంట పక్కన నిలబడ్డారు. చిన్నామె ఫోను కిందికి వంచి గుంటను ఫొటో తీసింది.

"బురదను కూడా వదలవా నువ్వు?" అంది పెద్దామె.

"ఇవి నెట్‌లో పెడతాను వదినా. ఫొటోలు అమ్మిపెట్టే సైట్లుంటాయి. కావలసినవాళ్ళు కాపీ తీసుకుంటారు, నాకు కొంత ముడుతుంది. ఫొటో మాత్రం నాదిగానే ఉంటుంది."

"బురద ఎవరు కొంటారే?"

"కొత్తలో ఎవరూ ఏదీ కొనరు. పెడుతూ ఉండాలి అంతే."

బస్సు వచ్చింది, వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. గుంటకు మాత్రం ఆ మాట పట్టుకుంది. ఆవిడ ఫోను పెట్టి చేసే పని తాను పుట్టినప్పటినుంచీ ఊరికే చేస్తోంది! ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ బురద అనిపించుకున్నందుకు దానికి రోషం వచ్చింది.

అదే పూట ఒక ట్రాక్టరు వచ్చి రోడ్డు పక్కన కంకర కుప్పగా పోసి వెళ్ళింది. వాన కాస్త తెరిపి ఇస్తే గుంటను పూడ్చేస్తారు. గుంటకు సంగతి అర్థమైంది. పోవడానికి అది భయపడలేదు, ఎండకైనా పోవలసిందేగా. కానీ ఇన్ని నీడలు పట్టి ఒక్కటైనా మిగల్చకుండా పోవడం దానికి బొత్తిగా నచ్చలేదు. పోయేలోపు తను పట్టిన ఒక్క నీడనైనా ఎవరో ఒకరు కావాలని అడిగి తీసుకోవాలి. అలా అని పట్టుబట్టి కూర్చుంది.

మనుషులకు నెట్ ఉన్నట్టే నీళ్ళకూ ఒక సంత ఉంది. నీళ్ళున్నవన్నీ తమలో పడ్డ నీడల్ని అక్కడికి పంపుతాయి. నీళ్ళు లేనివి, అంటే బండలు, ఇసుక దిబ్బలు, ఎండిన కాలవలు వచ్చి, తమకు నచ్చిన నీడకు నకలు తీసుకుపోతాయి. ఒక నకలు పోతే, పంపిన నీళ్ళకు ఒక చుక్క వస్తుంది. సంత తన వాటా పట్టుకున్నాక వచ్చేది కనక అది మరీ చిన్న చుక్క. సంత వాకిట్లో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. అది సరేనన్న నీడే లోపలికి వెళ్తుంది. మోసుకెళ్ళే పని తూనీగలది.

గుంట తన మీద తిరిగే తూనీగను పిలిచి మొదటి నీడ చేతికిచ్చింది. నిండు చందమామ.

"ఇది చూశాక కొంగ రెండో కాలు కూడా దించుతుంది చూడు," అంది.

తూనీగ వెళ్ళి వచ్చింది. "కొంగ కన్నెత్తి చూడలేదు. చందమామలు ఆ మూల పెట్టమంది. వెళ్ళి చూద్దును కదా, చెరువులు పంపినవి, నదులు పంపినవి, ఆఖరికి ఎవరి పెరట్లోనో గంగాళం పంపినవి కూడా ఉన్నాయి. గుట్టలు గుట్టలు."

"నా చందమామ పక్కన కరెంటు స్తంభం ఉందిగా?"

"ఉంది. అయినా అది చందమామే."

ఇంకొకరైతే అక్కడితో చాలించేవాళ్ళు. గుంట మాత్రం కొంగకు తీరిక లేదు కాబోలు అనుకుని రెండో నీడ పంపింది. ఆగి ఉన్న బస్సు, దాని పక్కన అతికించిన సబ్బు ప్రకటనతో సహా. అది వెనక్కొచ్చింది. ఆ సబ్బు పేరు సబ్బువాళ్ళది, దాన్ని అమ్ముకోమని నీకెవరు చెప్పారని కొంగ అడిగిందట. తరవాత ఒక మబ్బును పంపింది. అది పట్టే సమయానికి మోటారు సైకిలొకటి గుంటలోంచి దూసుకుపోయింది. "పాపం మబ్బు వణుకుతోంది, చలేస్తోందేమో" అని కొంగ తిప్పి పంపింది.

ఆ తరవాత పంపిన కాకి లోపలికి వెళ్ళింది. గుంట పొంగి రోడ్డు మీదికి పొర్లినంత పని చేసింది. కానీ కాకిని ఎవరూ తీసుకోలేదు. ఎదురుచూసి ఎదురుచూసి కారణం కనుక్కు రమ్మని తూనీగను పంపింది.

"ప్రతి నీడకూ పేర్లు కట్టాలట," అంది తూనీగ తిరిగొచ్చి. "ఆ పేర్లను బట్టే వెతికి ఇస్తారు. నువ్వు ఏం పేర్లు కట్టావు?"

"అందం. ఆనందం. అద్భుతం."

"అది కాకి."

"అందమైన కాకి."

"అందం కావాలని ఎవరూ సంతకు రారు. కాకి కావాలని వస్తారు, కాకులున్న చోట వెతుక్కుని పోతారు. నీ కాకి ఆ అద్భుతాల మధ్యన ఎక్కడో బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది."

నిజం చెప్పాలంటే గుంటకు సిగ్గేసింది. తరవాత కుదుటపడి, తప్పు కాకిదీ కాదు తనదీ కాదు, పేరుది అని తేల్చుకుంది. తమ మీద తమకు నమ్మకం ఉన్నవాళ్ళకు ఇదొక సుఖం. తప్పుకు ఎప్పుడూ వేరే ఇల్లు దొరుకుతుంది.

అయితే ఈసారి తొందరపడలేదు. చందమామ అందరి దగ్గరా ఉంది. కాకులు కూడా తక్కువేం లేవు. ఈ రోడ్డు మీద, ఈ గుంటలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ కనపడనిది ఏమిటని ఆలోచించింది. ఆలోచించగా ముందురోజు సాయంత్రం తనలో పడిన ఒక నీడ దానికి గుర్తొచ్చింది.

గుంట పక్కనే ఒకావిడ కుంపటి పెట్టుకుని మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. ముందురోజు ఉన్నట్టుండి జల్లు కొట్టింది. ఆవిడ దగ్గర ఒకటే గొడుగు ఉంది. దాన్ని నెత్తిన కాదు, కుంపటి మీద పట్టింది. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే, రెండో చేత్తో విసురుతూ నిప్పును నిలబెట్టింది. గొడుగు కింద ఎర్రటి వెలుగు, ఆ వెలుగులో తడిసిన మొహం. పైన అంతా ఖాళీ ఆకాశం. పక్కన నిలబడిన మనిషికి గొడుగు వీపే కనపడుతుంది. కింద ఉన్నది కనక గుంటకు అంతా కనపడింది.

గుంట ఆ నీడకు గొడుగు, నిప్పు, వాన అని పేర్లు కట్టి పంపింది. కొంగ చాలాసేపు చూసిందట.

"బాగుందంది," అని చెప్పింది తూనీగ. "ఆ ఖాళీ ఆకాశం మరీ బాగుందంది. తీసుకున్నవాళ్ళు తమ మాట రాసుకోడానికి చోటుందట. కానీ ఇందులో ఒక మొహం ఉంది, ఆ మొహం గలావిడ ఒప్పుకుందా అని అడిగింది. ఒప్పుకోకపోతే వాకిలి దాటనివ్వదు."

చిక్కంతా అక్కడే వచ్చింది. గుంటను పూడ్చమని వార్డు మెంబరు ఇంటి చుట్టూ తిరిగింది ఆ పొత్తులావిడే. వచ్చే పోయే ప్రతి బస్సూ గుంటలో నీళ్ళు ఎగజిమ్మి ఆవిడ కుంపటి ఆర్పేది. ఆ కంకర ఆవిడ తెప్పించిందే.

"పిన్నీ," అని పిలిచింది గుంట.

ఆవిడ చుట్టూ చూసింది. "ఎవరే?"

"కిందికి చూడు. నేను."

"నువ్వా! పొద్దున బస్సుతో కలిసి నా నిప్పార్పావు, ఇప్పుడు పిన్నీ అని వరస కలుపుతున్నావా? ఏం కావాలే?"

"నిన్న వానలో నీ నీడ పట్టాను. సంతలో పెడదామనుకుంటున్నా. నువ్వు ఊఁ అంటేనే."

"నా మొహమా? మా ఇంటాయనే నా మొహం సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో. ఎవడిక్కావాలే?"

"ఎవరికి కావాలో నాకూ తెలీదు."

"ఎక్కడికి పోద్ది?"

"తెలీదు."

"తీసుకుపోయి ఏం చేసుకుంటారు?"

"అదీ తెలీదు పిన్నీ. ఒకసారి గడప దాటాక నా చేతిలో ఉండదు. అందుకే ముందు అడుగుతున్నా."

"మరి నీకేం తెలుసే?"

"ఉన్న ఒక్క గొడుగూ నువ్వు నెత్తిన పట్టుకోలేదు. నిప్పు మీద పట్టావు. అది తెలుసు."

ఆవిడ పకపకా నవ్వింది. "తల తడిస్తే ఆరుద్ది. నిప్పు తడిస్తే పొత్తెవడు కాలుస్తాడు? అదేదో గొప్పయినట్టు చెప్తున్నావు!" అని, నవ్వు ఆపి, ఒక పొత్తు తిప్పి పెట్టింది. "నిన్ను పూడ్చేస్తారు, తెలుసా? నేనే చెప్పా."

"తెలుసు."

"తెలిసి తెలిసి నన్నే అడుగుతున్నావా?"

"మొహం నీది పిన్నీ. ఇంకెవరిని అడగను?"

ఆ మాటకు ఆవిడకు మనసు అదోలా అయింది. తిట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూసింది, దొరకలేదు.

"పెట్టుకో పో," అంది చివరికి. "చింపిరి జుట్టుతో పట్టి ఉంటావు, నా ఖర్మ."

తూనీగ ఆ మాట పట్టుకుని ఎగిరింది. నీడ లోపలికి వెళ్ళింది. వాన తెరిపి ఇచ్చింది.

ఎండకు గుంట అంచులనుంచి తగ్గుతూ వచ్చింది. పొద్దున పట్టిన చింతచెట్టు కొమ్మ మధ్యాహ్నానికి సగమే పట్టేది. తూనీగ రోజూ వట్టి చేతులతో తిరిగొచ్చేది. గుంట మాత్రం, "వస్తారు, దారిలో ఉండి ఉంటారు" అనేది. ఆ అనడంలో ఎక్కడా బింకం సడలలేదు.

కూలీలు పారలు పట్టుకుని వచ్చిన పూట తూనీగ పడుతూ లేస్తూ వచ్చింది.

"పోయింది! ఒక నకలు పోయింది!"

"ఎవరు తీసుకున్నారు?"

"ఎక్కడో ఎండిన బావి. వాన ఉందా అని అడుగుతూ వచ్చి, నీదే తీసుకుంది."

"నేను చెప్పలా!" అంది గుంట. అంతలో మొదటి గమేళా కంకర దాని మీద పడింది. ఆ తరవాత అది ఏమన్నదీ ఎవరికీ వినపడలేదు.

పొత్తులావిడ కుంపటి దగ్గర కూర్చుని అంతా చూసింది. "పీడా వదిలింది," అని గట్టిగానే అంది. అన్నదే కానీ ఆ పూట పొత్తులన్నీ మాడ్చుకుంది.

రోడ్డు చదునైంది. ఒక్క చోట మాత్రం కంకర కుదురుకోలేదు. ఎంత ఎండ కాసినా అక్కడ తడి పోయేది కాదు. కూలీలు ఇంకోసారి వచ్చి దిమ్మిస కొట్టి, కింద పైపేదో కారుతోందని తిట్టుకుని వెళ్ళారు. ఏ పైపూ కారడం లేదు. సంతలో నకళ్ళు పోతున్నాయి, చుక్కలు వస్తున్నాయి. పంపినవాళ్ళు ఉన్నారా పోయారా అని సంత అడగదు.

ఎండలు మొదలయ్యాయి. ఒకనాడు ఒక ముసలాయన బస్సు దిగి, పొత్తులావిడను చూసి ఠక్కున ఆగిపోయి, చేతులు జోడించాడు.

"నువ్వు మా బావిలో ఉన్నావు తల్లీ," అన్నాడు.

"నిక్షేపంలా ఇక్కడ కూర్చుంటే నేను బావిలో ఉండటమేంటి బాబాయ్?"

"మాది నీళ్ళు లేని ఊరమ్మా. బావి ఎండిపోయి చాన్నాళ్ళయింది. పిల్లలు పడతారని పూడ్చేద్దామనుకున్నాం. మట్టి కూడా తోలాం. పోసే ముందు ఒకసారి తొంగి చూస్తే అడుగున నువ్వు. వాన పడతా ఉంది. నువ్వు తడుస్తా, నిప్పు మీద గొడుగు పట్టుకుని ఉన్నావు."

"ఆ తర్వాత?"

"ఇంకెవడికి చేతులొస్తాయి పోయడానికి? తోలిన మట్టి తోలినట్టే ఉంది. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు దిగి ఇంకాస్త తవ్వుతున్నారు. నీళ్ళింకా పడలేదు. పడతాయి."

ఆయన కూడా ఆ మాట గుంట అన్నంత ధీమాగానే అన్నాడు. ఆవిడ పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంత దూరం నన్ను చూడ్డానికొచ్చావా?"

"నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాం గదమ్మా. నిన్నట్టా కిందినించి చూసిన నీళ్ళున్నాయే, వాటిని ఒకసారి కళ్ళారా చూసి పోదామని, ఊరూరా కుంపటి పెట్టుకున్నవాళ్ళను వెతుక్కుంటా వచ్చా. ఎక్కడున్నాయి?"

నేనే పూడ్పించానని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. ఆయన అమాయకంగా అటూ ఇటూ చూస్తున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది, తన మీద తనకు కోపం కూడా వచ్చింది.

కాసేపటికి లేచింది. నిప్పులు కదిపే ఇనపచువ్వ తీసుకుని, కొంగు బిగించి, రోడ్డు నడుమకు వెళ్ళింది. ఎండకు తెల్లగా మెరిసే కంకరలో ఒక్క చోట నల్లగా తడి ఉంది. అక్కడ చతికిలబడి చువ్వతో పొడవసాగింది. ఒక రాయి లేచింది. దాని కింద రాయి ఇంకా తడిగా ఉంది.

బస్సొకటి వచ్చి హారను మోగించింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "బంగారంలాంటి రోడ్డు తవ్వుతున్నావేంటమ్మా, మతి పోయిందా?"

"ఆగు నాయనా," అంది ఆవిడ తలెత్తకుండా. "చూడ్డానికి మనిషొచ్చాడు."

ముసలాయన కూడా వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని చేతులతో రాళ్ళు ఎత్తసాగాడు. అడుగున నీరు ఊరింది. బస్సులోవాళ్ళు ఒక్కొక్కరే దిగి, ఏముందా అని చుట్టూ చేరి వంగి చూశారు. ఆ అరచేతంత నీళ్ళలో అన్ని మొహాలూ పట్టాయి.