లేయమ్మ పిడికెడు

అనగనగా అన్నానంటే ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టనివాళ్ళకి నేను కథ చెప్పను, ముందే చెబుతున్నా.

అనగనగా, రోడ్లు పడని రోజుల్లో, వాగుకి అవతల ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ప్రార్థన పాక. పాకకి గంట లేదు, విరిగిన గునపం ముక్క వేలాడదీసి కొట్టేవాళ్ళు. పాకకంటూ ఒక అయ్యగారు కూడా లేడు. చుట్టుపక్కల అలాంటి పల్లెలు బోలెడు. అన్నిటికీ కలిపి ఒక్కడే ఉపదేశి, ఆయన పేరు జకరయ్య.

భుజాన మూట, చేతిలో గొడుగు. ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకి నడుస్తూనే ఉండేవాడు. ఏ పల్లెలో పొద్దుగూకితే అక్కడే పడక, ఎవరు పెడితే వాళ్ళింట్లోనే కూడు. ఒకింట్లో కారం నషాళానికంటేది. ఒకింట్లో మంచం నిండా నల్లులు. ఒకింట్లో కోడిపుంజు దిండు పక్కనే కూసేది. పొద్దున్నే లేచి, "ఎట్టా ఉంది అయ్యగారూ?" అంటే, "బాగుందమ్మా" అనేవాడు. ఎక్కడికెళ్ళినా అదే మాట, "బాగుందమ్మా". పాపం మెతక మనిషి.

ఆ పల్లెల్లో ఒక ఆచారం. ఉపదేశి వస్తుంటే ఆయన భుజం మీది మూట ఎవరు ముందు అందుకుంటే, ఆ పూట ఆయన వాళ్ళింటి చుట్టం. ఇక ఇంకెవరూ పిలవకూడదు.

చుట్టమొస్తే ఏం ఒరుగుతుంది అంటారా? అక్కడే ఉంది అసలు సంగతి. అన్నంలో చెయ్యి పెట్టేముందు ఆయన ప్రార్థన చేసేవాడు. ఆ ఇంట్లో వాళ్ళని పేరు పేరునా చెప్పి, చల్లగా చూడు తండ్రీ అనేవాడు. పల్లె మొత్తం వాకిట్లో నిలబడి వినేది. పేరు పేరునా అంటే మాటలా? పిల్లాజెల్లా పేర్లే కాదు, గొడ్డూగోదా పేర్లు కూడా!

ఆ మూట ఎప్పుడూ సాలొమ్మకే దొరికేది. సాలొమ్మ సంఘ పెద్ద ఇస్సాకు పెళ్ళాం. పెంకుటిల్లు, ఇత్తడి కంచం, పాడి గేదె. ఆ గేదె పేరు ముత్యాలు.

పల్లె చివర వాగొడ్డున ఒక గుడిసె. అందులో లేయమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అమ్మా అనే బిడ్డ లేదు, ఒసే అనే మొగుడు లేడు, ఇక ఆమె పేరుతో ఎవరికి పని? అందరూ "చివరింటిదానా" అని పిలిచేవాళ్ళు. పిలిచీ పిలిచీ ఆమె పేరే మర్చిపోయారు.

ఆ లేయమ్మకి సాలొమ్మని చూస్తే కడుపు మంట. మామూలు మంట కాదు, పచ్చిగడ్డి వేస్తే భగ్గుమనే మంట. పెంకుటింటికి కాదు, ఇత్తడి కంచానికి కాదు. ప్రార్థనలో పలికే ఆ పేర్లకి.

"సాలొమ్మ గేదె పేరు దేవుడికి తెలుసు. నా పేరు మాత్రం తెలవదు!" అని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది.

ఒక్కసారి. జకరయ్య నోట, అందరూ వింటుండగా, తన పేరు ఒక్కసారి. అంతే ఆమె కోరిక. నవ్వకండి. కుళ్ళు లేని ఆడది ఉందంటే నేను నమ్మను, మగాడు ఉన్నాడంటే అసలే నమ్మను.

మొదటిసారి ఏం చేసిందంటే, ఉపదేశి వస్తున్నాడని తెలిసి తల దువ్వుకుని పొలిమేరకి పరిగెత్తింది. వెళ్ళేసరికి ఇస్సాకు బండి ఎదురొచ్చింది. బండిలో జకరయ్య కూర్చున్నాడు. మూట సాలొమ్మ ఒళ్ళో ఉంది. "ఎండన పడి వచ్చావేం, చివరింటి వదినా?" అంది సాలొమ్మ. లేయమ్మకి ఒళ్ళు మండిపోయింది.

రెండోసారి పొలిమేర దాటి, వాగు దాటి, అవతలి గట్టున నిలబడింది. అప్పటికే సాలొమ్మ అక్కడ చెంబెడు నీళ్ళు పట్టుకుని ఉంది. అయ్యగారికి కాళ్ళు కడుక్కోవడానికి ఒక చేత్తో నీళ్ళిచ్చింది, ఇంకో చేత్తో మూట లాగేసుకుంది. "నీకెందుకు శ్రమ, చివరింటి వదినా?" అంది. లేయమ్మకి ఒళ్ళు మండిపోయింది.

మూడోసారి ఎవరికీ చెప్పలేదు. ఆయన ముందురోజు ఆగిన పల్లెకే నడిచివెళ్ళి, ఆయన దిగిన ఇంటి గుమ్మంలో తెల్లారేసరికి కూర్చుంది. జకరయ్య పళ్ళు తోముకుంటున్నాడు. మూట అరుగు మీద ఉంది. చటుక్కున తీసి నెత్తిన పెట్టుకుంది.

"ఇంకా కాఫీనీళ్ళు కూడా తాగలేదమ్మా" అన్నాడాయన.

"తాగండి అయ్యగారూ. మూట మాత్రం దించను."

దారంతా దించలేదు. చెట్టు కింద ఆగినా దించలేదు. వాగులో కాలు జారినా దించలేదు.

"నీ పేరేంటి తల్లీ?" అని అడిగాడు జకరయ్య.

"ఇప్పుడు చెప్పను. కంచం ముందు చెబుతా."

పల్లెలోకి అలా నడిచొచ్చింది చూడండి! సాలొమ్మ వాకిలి ముందు కాస్త నెమ్మదిగా కూడా నడిచింది. ఆ పూట కుళ్ళు ఇల్లు మారింది, పెంకుటింట్లో కాపురం పెట్టింది.

ఇక్కడ ఇంకో ఆచారం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇంటి ఆడదీ ఒక పిడికెడు తీసి చిన్న పిడతలో వేసేది. అది దేవుడి పిడికెడు. ఆకలైనా ముట్టకూడదు. ఆదివారం ఆ పిడతలన్నీ పాకలో ఒక గంపలో పోసేవాళ్ళు. గంప సంఘ పెద్ద ఇస్సాకు ఇంట్లో ఉండేది. ఉపదేశి వస్తే వండేది ఆ బియ్యమే.

లేయమ్మ పొయ్యి రాజేసి, చేట పట్టుకుని సాలొమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారు మా ఇంట్లో దిగారు. గంపలోంచి బియ్యం ఈ చేటలో పొయ్యి."

"పోస్తే దేంతో పెడతావు?" అంది సాలొమ్మ. "కూరేది? నెయ్యేది? కంచమేది? చింతాకులో పెడతావా? పల్లె పరువు తీయకు. గంప నా గడప దాటదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మెల్లగా జారుకున్నారు. సంఘ పెద్ద పెళ్ళాంతో తగువు ఎవరికి కావాలి?

లేయమ్మ ఇంట్లో గింజ లేదు. పిడతలో ఉన్న కాసిని బియ్యం అంతకుముందు ఆదివారమే గంపలో పడ్డాయి. గుడిసెలో జకరయ్య కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నుంచీ నడిచిన మనిషి, ఆకలిగా ఉందని నోరు తెరిచి అనడు. అడిగితే "బాగుందమ్మా" అంటాడు.

పస్తు పెట్టలేక, లేయమ్మ తన చేత్తో తానే మూట ఎత్తుకుని తీసుకెళ్ళి సాలొమ్మ అరుగు మీద పెట్టింది. ఆ మాట చెబుతుంటే నాకిప్పుడు కూడా కడుపు రగులుతుంది.

సాలొమ్మ కోడిని కోసింది. అన్నం ఆవిర్లు కక్కుతోంది. పల్లె మొత్తం వాకిట్లో చేరింది. జకరయ్య కళ్ళు మూసుకున్నాడు. "తండ్రీ, ఈ ఇంటి యజమాని ఇస్సాకుని చల్లగా చూడు. ఇల్లాలు సాలొమ్మని చల్లగా చూడు. వీళ్ళ ముత్యాలుని..."

"ఆపండి అయ్యగారూ!"

ప్రార్థన మధ్యలో దగ్గడానికే భయపడే జనం. అందరూ కళ్ళు తెరిచి చూశారు. గుమ్మంలో లేయమ్మ.

"నా పిడికెడు నాకిచ్చెయ్యండి. ఆ కంచంలో నా బియ్యం ఉన్నాయి. ఏరి ఇస్తే పట్టుకుపోతా."

"పిచ్చి గాని పట్టిందా?" అని సాలొమ్మ గయ్యిమంది. "ఉడికిన అన్నంలో నీ మెతుకేదో, నా మెతుకేదో ఎట్టా తెలుస్తది?"

"తెలవదు కదా!" అంది లేయమ్మ. "నా మెతుకేదో, నీ మెతుకేదో తెలవదు కదా! మరి పేర్లు ఎట్టా తెలిసినయ్? అన్నం అందరిదీ, పేరు నీదీనా? సొమ్మొకడిది సోకొకడిది! పూటపూటా కడుపు మాడ్చుకుని పిడికెడు తీసిపెట్టా. నీ గేదె ఏం తీసిపెట్టిందే?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గోడ పక్క నుంచి ఇంకో గొంతు, "నా పిడికెడు కూడా ఉంది" అంది. ఇంకొకామె, "నాదీ" అంది. ఇంకొకామె, "నాదీ" అంది.

జకరయ్య కంచం ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏ ఇంట్లోనూ అనని మాట ఆ పూట అన్నాడు.

"బాగాలేదమ్మా. అందరి కూడూ తిన్నాను. ఒకింటి పేరే చెప్పాను. ఇది బాగాలేదు. ఒక్కొక్కరు మీ పేర్లు చెప్పండి. అప్పటిదాకా ముట్టను."

చెప్పారు. ఒక్కో పేరూ ఆయన మళ్ళీ పలికాడు. కోడికూర చల్లారిపోయింది. లేయమ్మ మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడింది. అందరూ అయ్యాక ఆయనే అడిగాడు. "కంచం ముందు చెబుతానన్నావు కదా తల్లీ?"

"లేయమ్మ" అంది.

"లేయమ్మని చల్లగా చూడు తండ్రీ" అన్నాడాయన.

లేయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బాగా తుడుచుకుని, "అందరికంటే చివర చెప్పారే!" అంది.

వాకిలి వాకిలంతా పగలబడి నవ్వింది. లేయమ్మ నవ్వలేదు. పుట్టుకతో వచ్చిన కుళ్ళు ఒక్క పూటలో పోతుందా? ఆ తర్వాత జకరయ్య వచ్చిన ప్రతిసారీ తన పేరు ముందు చెప్పమని ఆమె, కాదు నాది ముందని సాలొమ్మ. మూట కోసం ఇద్దరూ గట్టు మీద పరుగే పరుగు. ఒకసారి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగితే మూట చిరిగి అయ్యగారి పంచె వాగులో కొట్టుకుపోయింది. "బాగుందమ్మా" అన్నాడాయన.

ఊఁ కొడుతున్నారా?

ఒక ఎండాకాలం లేయమ్మకి జ్వరం తగిలింది. మంచమెక్కింది, దిగలేదు. పాక వెనకాలే మట్టి ఇచ్చారు.

మళ్ళీ జకరయ్య వచ్చాడు. గట్టు మీద సాలొమ్మ ఒక్కతే ఉంది. మెల్లగా నడిచొచ్చి మూట అందుకుంది.

వంటకి గంపలో బియ్యం తీసి కడిగింది. తర్వాత లోపలికి వెళ్ళి, తన ఇంటి కుండలోంచి ఒక పిడికెడు తెచ్చి ఆ బియ్యంలో కలిపింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

కంచం ముందు జకరయ్య కళ్ళు మూసుకున్నాడు. సంఘ పెద్ద ఇల్లాలు కాబట్టి, "సాలొమ్మని..." అని మొదలెట్టాడు.

"ముందు లేయమ్మ" అంది సాలొమ్మ.

"ఆమె లేదు కదమ్మా. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదు."

"ప్రార్థన చెయ్యమన్నానా? పేరు చెప్పమన్నా. ముందు చెప్పమని అడిగీ అడిగీ పోయింది ముండ. ఒక్కసారీ చెప్పనియ్యలేదు నేను." అంతే, నేల మీద కూలబడి, చిన్నపిల్లలా భోరుమంది. "ఇంత పల్లెలో నాతో పోటీకి వచ్చింది అదొక్కతే అయ్యగారూ. ఇప్పుడు మూట కోసం నేనెవరితో పరిగెత్తను?"

జకరయ్య ముందు లేయమ్మ పేరు చెప్పాడు.

ఆ తర్వాత సాలొమ్మ పోయింది, జకరయ్యా పోయాడు. వాగు మీద వంతెన పడింది. ఉపదేశులిప్పుడు మోటారు సైకిళ్ళ మీద వస్తున్నారు, మూట పట్టేవాళ్ళు లేరు. అయినా ఆ పల్లెల్లో చుట్టానికి వండేటప్పుడు, అందరి బియ్యం మీద ఒక పిడికెడు ఎక్కువ వేస్తారు. దాన్ని లేయమ్మ పిడికెడు అంటారు. పిల్లలెవరైనా ఓర్వలేక మూల కూర్చుని మూతి ముడిస్తే, "లోపల్లోపల కుళ్ళితే ఏం లాభం? లేయమ్మలాగా గుమ్మంలోకొచ్చి అడుగు" అంటారు.

కొత్తగా వచ్చిన అయ్యగార్లకి ఇదంతా తెలియదు. కంచం ముందు కూర్చుని, ఆ ఇంటి యజమాని పేరుతో ప్రార్థన మొదలెడతారు. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో ఒకరు వెంటనే అందుకుంటారు.

"ముందు లేయమ్మ, అయ్యగారూ."