వీరభద్రం వీపు మీది కొంగలు

గోదావరి నడుమ ఒక లంక. లంక చుట్టూ మనిషెత్తు రెల్లు. ఆ రెల్లు దాటితేగాని ఏటి పాయలో నీళ్ళు అందవు.

దున్నపోతు వీరభద్రం ఆ లంకకి పెద్ద. కొమ్ముల పార్టీ తరఫున నిలబడ్డ ప్రతిసారీ గెలిచాడు. ఎందుకు గెలవడూ? పొద్దున్నే లేచి, ఆ భారీ ఒళ్ళుతో రెల్లు తొక్కుకుంటూ పాయ దాకా నడిచేవాడు. ఆ బాట వెంట మేకలూ కోళ్ళూ గేదెలూ వెళ్ళి కడుపునిండా తాగొచ్చేవి. రెల్లులోంచి లేచే మిడతల కోసం కొంగలు అతని వీపెక్కి కూర్చునేవి.

రానురాను వీరభద్రానికి నడక మీద మోజు తగ్గింది. పాయ ఒడ్డున బురదగుంటలో చల్లగా పడుకోవడం అలవాటైంది. కొంగలు మాత్రం వీపు దిగలేదు. బురదకి ముసిరే ఈగలు వాటికి చాలు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకరోజు మేక పోలమ్మ ఒళ్ళంతా గీతలతో గుంట దగ్గరికి వచ్చింది.

"వీరభద్రంగారూ, బాట మూసుకుపోయిందండి. రెల్లాకులు ఒళ్ళు కోసేస్తున్నాయండి. కోళ్ళయితే అసలు రాలేకపోతున్నాయి. మీరొక్కసారి లేచి తొక్కితే..."

"మూసుకుపోయిందా?" వీరభద్రం నిజంగానే కంగారుపడ్డాడు. మనసు మంచిదే పాపం, ఒళ్ళే బరువు. ముందుకాళ్ళ మీద లేవబోయాడు.

"అయ్యో, మీరు లేవడమెందుకండీ, మేం లేమూ!" అంటూ కొంగల పెద్ద రివ్వున ఎగిరి, ఒక చుట్టు తిరిగొచ్చి వాలింది. "లంకంతా ఎంత పచ్చగా ఉందనుకున్నారు! ఏ పెద్ద హయాంలోనూ ఇంత పచ్చదనం లేదండి."

"విన్నావా పోలమ్మా?"

"పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుందండి బాబూ. నడిచేదాన్ని, నన్నడగండి."

ఇంకో కొంగ వీరభద్రం చెవిలో దూరినంత పని చేసింది. "దీన్ని ఆ సీతాలు పంపించి ఉంటుందండి!"

సీతాలంటే గాడిద. ఈసారి పోటీకి నిలబడింది. "కొమ్ముల్లేవు, గొంతు చూస్తే అలాంటిది! దానికెవరేస్తారు?" అని నవ్వేసి వీరభద్రం మళ్ళీ బురదలోకి జారాడు. పోలమ్మ గుక్కెడు నీళ్ళు తాగి, వచ్చిన దారినే గీసుకుంటూ వెళ్ళిపోయింది.

సీతాలు ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే గెలిచేది కాదు. రోజూ తన దాహం కోసం రెల్లు తోసుకుంటూ వెళ్ళేది. వెనకాల కోళ్ళు వస్తుంటే వాటి కోసం ఆగేది.

ఎన్నికల రోజు వచ్చింది. ఆ లంకలో ఓటంటే, ఇసుకతిన్నె మీద నిలబడ్డ ఇద్దరిలో నచ్చినవాళ్ళ వెనకాల వెళ్ళి నిలబడడమే. వీరభద్రం బురదోడుతూ ముందే వచ్చి నిలబడ్డాడు. మెడ లావు, వెనక్కి తిరగడం కష్టం. అందుకని వీపు మీదివాళ్ళనే అడిగాడు.

"జనం ఎలా ఉన్నారర్రా?"

"ఇసకేస్తే రాలదండి!"

అంతలో రెల్లు కదిలింది. సీతాలు వస్తోంది, వెనకాల లంకంతా వస్తోంది. ఆ నడకకి మిడతలు గుంపులుగా లేచాయి. వీరభద్రం వీపు ఒక్కసారిగా తేలికైపోయింది.

అవస్థపడి తిరిగి చూశాడు. వెనకాల ఉత్త ఇసుక. కొంగలన్నీ సీతాలు చుట్టూ ఉన్నాయి. ఆ గుంపులోనే, దూడని పక్కన పెట్టుకుని, తన భార్య గేదె మాచమ్మ కూడా ఉంది.

"నువ్వు కూడానా మాచమ్మా? మన పార్టీ కాదుటే?"

"మన పార్టీయేనండి. మీ మీద కోపం కూడా లేదు. దాహమేసిందండి, అంతే. దూడతో ఎన్నిసార్లు సగం దారిలోంచి తిరిగొచ్చానో మీ కొంగలు చెప్పలేదా?"

వీరభద్రానికి ఓడిపోయిన బాధకన్నా, దూడ ఎండిన మూతి చూసి సిగ్గు ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్న సీతాలు బయల్దేరేసరికి వెనకాల బరువైన అడుగుల చప్పుడు వినిపించింది.

"బాట మరీ ఇరుగ్గా తొక్కావు సీతాలూ. మేకలకి ఆకులు తగులుతున్నాయి."

"మీరు ముందు నడుస్తారాండీ?"

"వద్దులే. అందరికన్నా వెనకాలొస్తాను. అక్కణ్ణించి అయితే ఎవరు ఆగిపోయారో కనిపిస్తుంది."

ఒక కొంగ వచ్చి వీపు మీద వాలబోయింది. తోకతో ఒక్కటిచ్చి, వీరభద్రం నడక సాగించాడు.

వీపెక్కినవాళ్ళనే ఓటర్లనుకున్న పార్టీకి, బాట మూసుకుపోయిన సంగతి ఓట్ల రోజు దాకా తెలియదు.