పత్తిగింజల నెయ్యి

దక్షిణామూర్తిగారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. వినపడనట్టే కల్వంలో మందు నూరుకుంటూ కూర్చుంటారు. నాగులేటి ఒడ్డున ఆ పల్లెలో ఆయన వైద్యశాల నలభై ఏళ్లుగా నడుస్తోంది. అక్కడికి వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన శిష్యులందరికీ ఈ సంగతి మొదటివారంలోనే తెలిసిపోయేది. అడిగినవాడు అడిగిన సంగతి మరిచిపోతున్న సమయానికి ఊళ్లోనో, వసారాలోనో ఏదో ఒకటి జరుగుతుంది. గురువుగారు దాన్ని చూపించి ఒక్క ముక్క అని ఊరుకుంటారు. అర్థమైతే అయినట్టు, కాకపోతే మళ్లీ అడగడానికి లేదు.

ఆయన శిష్యుల్లో మార్కండేయులు అందరికంటే చురుకైనవాడు. ఆ మాట మార్కండేయులు కూడా ఒప్పుకుంటాడు. ఆరేళ్లుగా అక్కడే ఉండి, కషాయం రంగు చూసి అది ఎంతసేపు మరిగిందో చెప్పగలిగినంతవాడయ్యాడు. ఇక నెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు. వైద్యశాలలో కాచే మందులు చాలావాటికి ఆవునెయ్యే ఆధారం కనుక, వచ్చిన ప్రతి నేతిగిన్నె అతని చెయ్యి దాటి లోపలికి పోవలసిందే. పేరుకున్న నేతిలో సన్నరవ్వలాగా కట్టే పలుకుల్ని పూస అంటారు. ఆ పూసను చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని, వేలితో మెల్లగా రాసి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాడు. చేతి వేడికే కరిగి జారితే మంచిది. కరగక జిగటగా నిలిస్తే కల్తీ. ఆ కళ్లు మూసుకోవడం మటుకు పరీక్షలో భాగం కాదు. వసారాలో కూర్చున్న రోగులు చూస్తారని.

మాఘమాసంలో ఒక ఉదయం అతను గురువుగారి ఎదుట కూర్చుని, వైద్యుడికి గర్వం ఉండవచ్చునా అని అడిగాడు. ఉండవచ్చు నాయనా, నీలాంటివాడికి ఉండాలి కూడా, అని ఆయన అంటే బాగుండునని అతని మనసులో ఉంది. గురువుగారు కల్వం అతని ముందుకు జరిపి, కడిగిపెట్టమన్నారు.

ఆ మర్నాడే అంకమ్మ నెయ్యి తెచ్చింది. అంకమ్మకు యాభై దాటాయి. గొల్లపాలెంలో ఉంటుంది. ఒంటిమనిషి, మూడు ఒంగోలు ఆవులు. ఇరవై ఏళ్లుగా వైద్యశాలకూ, ఊళ్లో నాలుగైదు ఇళ్లకూ ఆమె నెయ్యే వస్తోంది. అంకమ్మ నెయ్యి అంటే చాలు, ఇంకొక మాట అడిగేవాళ్లు కాదు ఆ ఊళ్లో. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అందుకే వీధిలో గిన్నె నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు తల కాస్త ఎత్తే నడుస్తుంది. నడవాలి మరి, ఆ తల ఎత్తుకోవడం ఆమె కష్టార్జితం.

ఆ రోజు గిన్నె దించి, అయ్యగారితో ఒక మాట చెప్పాలంది. మార్కండేయులు అలవాటు ప్రకారం ముందు పూస తీసి అరచేతిలో వేసుకున్నాడు. వేలితో రాశాడు. కరగలేదు. మళ్లీ రాశాడు. మైనంలాగా గట్టిగా నిలిచింది. పూస లావుగా ఉంది, రంగు చూస్తే ఆవునేతికి ఉండవలసిన పసుపుఛాయ లేదు, పాలిపోయి ఉంది. కళ్లు తెరిచి, వసారాలో ఉన్న పదిమందికీ వినపడేటట్టు అన్నాడు.

"ఇందులో వనస్పతి కలిసింది. నువ్వు కూడా మొదలుపెట్టావా అంకమ్మా?"

అంకమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. చెప్పడానికి వచ్చిన మాట చెప్పనేలేదు. గిన్నె ఎత్తుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. లోపల దక్షిణామూర్తిగారు అంతా విన్నారు. విని, మందు నూరడం ఆపలేదు. మధ్యాహ్నం కాకముందే మాట ఊరంతా గుప్పుమంది. సాయంత్రానికి రెండు ఇళ్లవాళ్లు ఇక తమకు నెయ్యి తేవద్దని కబురు పెట్టారు. ఇరవై ఏళ్ల పేరు ఒక్కపూటలో పోయింది. మార్కండేయులుకు మటుకు ఆ రోజు అన్నం మరీ రుచిగా అనిపించింది.

తెల్లవారి ఎండ పొడిచేవేళకు అంకమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి నెత్తిన గిన్నె లేదు. చేతిలో పలుపుతాడు, తాడు చివర తెల్లటి ఆవు, వెనకాల దూడ. ఒక కూలిమనిషి దాణాబస్తా మోసుకొచ్చి వసారాముందు దించాడు. గురువుగారు బయటికి వచ్చి, ఏమిటిదంతా అని అడిగారు. ఆవిడ గుడిముందు ఒట్టు పెడుతుందనో, కాళ్లమీద పడి ఏడుస్తుందనో అక్కడ చేరినవాళ్లు ఎదురుచూస్తున్నారు.

"ఒట్లు పెట్టను అయ్యగారూ. తప్పు చేసినోళ్లు పెట్టుకుంటారు ఒట్లు. నా ఆవు ఈడ్నే ఉంటది. ఈయనే దాణా పెట్టాల, ఈయనే చిలకాల, ఈయనే కాయాల. ఆ నెయ్యి ఎట్టుంటదో ఈయన చేతిలోనే చూసుకోమనండి" అంది.

దక్షిణామూర్తిగారు శిష్యుడివైపు చూశారు. మార్కండేయులు సరేనన్నాడు. నిజం బయటపడేది తనవైపే కదా అని అతని ధీమా.

పాలు పిండటం అతనివల్ల కాలేదు. కొత్త చెయ్యి తగిలేసరికి ఆవు పాలు చేపలేదు, పైగా తోకతో మొహంమీద ఒక్కటిచ్చింది. వసారాలోవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ ఒక్క పనీ అంకమ్మే చేసింది, అతను ఎదురుగా గొంతుక్కూర్చుని రెప్పవేయకుండా చూస్తుండగా. తక్కిన పనులన్నీ అతనివే. పాలు పిడకల దాలిలో కాచాడు, తోడు పెట్టాడు, రోజూ పొద్దున్నే కవ్వం పట్టాడు. పుస్తకంలో మూడు మాటల్లో తేలిపోయే పని కవ్వం దగ్గర భుజాలు పడిపోయేటట్టు చేసింది. అంకమ్మ పగలంతా ఆవును కట్టిన కొట్టంలోనే ఉండేది. వైద్యశాల అన్నం తినలేదు, తన సద్ది తను తెచ్చుకుంది. అనుమానించిన ఇంట మెతుకు ముట్టనని ఆమె ఎవరితోనూ అనలేదు, కానీ అది అందరికీ తెలిసింది.

దాణా కలిపేది కూడా మార్కండేయులే. ముందురోజు నీళ్లలో నానేసిన గింజల్ని తొట్టిలో పోసి, తవుడు చల్లి, పిడికిళ్లతో కలిపేవాడు. బస్తాలో ఉన్నవి పత్తిగింజలు. అవి పత్తిగింజలని అతనికి మొదటిరోజే తెలుసు. ఆవు పత్తిగింజలు తింటోంది, సరే, తిననీ అనుకున్నాడు. తను చూడవలసింది నెయ్యిని కదా! మూడోరోజుకు తొట్టిలో చెయ్యి పెడితే గింజల నూనె వేళ్లకు అంటుకుని వదలకపోవడం గమనించాడు గానీ, గమనించినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు.

మూడురోజుల వెన్న నాలుగోరోజు కాచాడు. కాగుతున్నంతసేపూ గిన్నె దగ్గరనుంచి కదలలేదు. అందులో వనస్పతి కాదుగదా ఈగ కూడా పడలేదని రూఢిగా చెప్పగలడు. వడగట్టి, ఇత్తడిగిన్నెలో పోసి, మూతపెట్టి తన గదిలోనే ఉంచుకున్నాడు. ఐదోరోజు పొద్దున మూత తీశాడు. లావుపాటి పూస, పాలిపోయిన రంగు. చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని రాశాడు. కరగలేదు. ఇంకోచేతిలో వేసి చూశాడు. అక్కడా కరగలేదు.

సిగ్గుతో అతని ఒళ్లంతా వేడెక్కిపోయింది. అంత వేడికి కూడా ఆ పూస కరగకపోవడం ఒక విచిత్రం.

గిన్నె పట్టుకుని కొట్టంలోకి వెళ్లాడు. అంకమ్మ దూడ మెడ నిమురుతూ కూర్చుని ఉంది. అతని మొహం చూసింది, గిన్నెవైపు చూడను కూడా లేదు. ఇది ఇలా ఎందుకయిందని అతను మొదటిసారిగా అడిగాడు. ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. ప్రతి ఏడూ వేరుశనగచెక్క పెట్టేది. ఈ ఏడు వానలు మధ్యలోనే మొహం చాటేసి వేరుశనగ పోయింది, పత్తి మటుకు నిలబడింది. అందుకని పోయినసారి నెయ్యి తెచ్చిన దగ్గర్నుంచీ పత్తిగింజలే దాణా. ఏటిగట్టున గడ్డి కూడా ముందే ఎండిపోయింది. పచ్చిగడ్డి తిన్నప్పుడు వచ్చే పసుపుఛాయ ఎండుచొప్పతో రాదు. పత్తిగింజ తింటే నెయ్యి గట్టిపడుతుంది, పూస లావవుతుంది. ఇది వాళ్ల పాలెంలో మాటలు నేర్చిన పిల్లలు కూడా చెబుతారట. పాలూ నెయ్యే కాదు, మాంసమైనా అంతేనట. వాళ్ల మరిది పొట్టేలును కోసి, కొవ్వు చూసి, అది చేలవెంట మేసిందో కొట్టంలో దాణా తిన్నదో చెబుతాడట.

"తిన్నది నేతిలో కనపడక యాడ కనపడుద్దయ్యా? ఆవు ఏం తింటందని నువ్వు ఒక్కమాట అడగలా" అంది.

మార్కండేయులు గిన్నె కింద పెట్టాడు. ఆరేళ్లలో ఎంతమంది రోగుల్ని, నిన్న ఏం తిన్నావు, మొన్న ఏం తాగావు అని అడిగాడో లెక్కలేదు. చేతులు జోడించి, తప్పయిపోయిందన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తనకు చెబితే కుదరదంది. ఎవరి ముందు అన్నాడో వాళ్ల ముందే చెప్పమంది.

చెప్పాడు. వసారా నిండా జనం ఉండగా, నెయ్యి కల్తీదని నోరుజారాననీ, ఇదిగో నా చేతులతో నేనే కాచిన నెయ్యి అచ్చం అలాగే ఉందనీ, తప్పు నాదేననీ చెప్పాడు. ఒక్కమాట కూడా మింగలేదు. నెయ్యి వద్దన్న ఇళ్లవాళ్లలో ఒకావిడ అక్కడే ఉంది. ఆవిడ గబగబా వచ్చి అంకమ్మ చెయ్యి పట్టుకుంది. అంకమ్మ చెయ్యి విదిలించలేదు, అలాగని కరిగిపోనూ లేదు. మెడ నిటారుగా పెట్టి నిలబడింది. అక్కడున్నవాళ్లలో చాలామందికి, ఈ మనిషి మా ఊరి మనిషి అని ఛాతీ ఉప్పొంగింది.

దక్షిణామూర్తిగారు ఆ గిన్నె తెప్పించుకుని, అంకమ్మ నెయ్యి ఎప్పటిలాగే మందులకు వాడుకుందామన్నారు. శిష్యుడి తప్పుకు ఆ మాత్రం పరిహారం చేయాలని ఆయన ఉద్దేశం కావచ్చు. అంకమ్మ గిన్నెమీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దయ్యగారూ. తినేటందుకు ఇది బంగారం. మీ మందుకు పచ్చిగడ్డి తిన్న ఆవు నెయ్యి గావాల. ఆ మాట చెబుదామనే ఆ పొద్దు వచ్చా. వానలు పడ్డంక నేనే తెస్తా."

మార్కండేయులుకు తల తీసేసినట్టయింది. తను కల్తీ అని అరిచిన రోజున ఆ మనిషి, తన సరుకు ఈసారి మందుకు తీసుకోవద్దని చెప్పడానికే వచ్చిందన్నమాట. ఆమె అటు తిరిగి పలుపు విప్పుకుంది. ముందు ఆవు, వెనక దూడ, మధ్యలో ఆమె, ముగ్గురూ వీధి నడుమనే నడిచి వెళ్లారు. ఎదురొచ్చినవాళ్లే పక్కకు తప్పుకున్నారు.

వాళ్లు మలుపు తిరిగేదాకా గురుశిష్యులిద్దరూ గడపలోనే నిలబడ్డారు. మార్కండేయులు గొంతు సవరించుకుని, ఈ గర్వమనేదాన్ని ఇవాళ్టితో పూర్తిగా వదిలేస్తున్నానన్నాడు. దక్షిణామూర్తిగారికి నవ్వొచ్చింది.

"వదలడమెందుకు నాయనా? అంకమ్మ వదిలిందా? ఆమె గర్వం ఏం తిని పెరిగిందో ఐదురోజులు దగ్గరుండి చూశావు. నీది ఏం తింటోందో కనుక్కో" అన్నారు.