బామ్మర్ది పేర రాసిన బొరియ

రామయ్య తండ్రి చెయ్యి తగిలిన వీపు కదండీ ఉడుతది! అది అబద్ధమాడదు, ఎదుటివాడు ఆడతాడనీ అనుకోదు. నల్లకొండ అడవిలో చారలమ్మ అనే ఉడుతా అంతే. మాఘమాసం చలిలో నక్క మామ కడుపు మాడ్చుకుని వస్తే, జాలిపడి రెండు గంపల వేరుశనక్కాయలు బదులిచ్చింది. కోతలవగానే తీరుస్తానన్నాడు.

కోతలయ్యాయి. నక్క మామ బొరియ నిండా కాయలే. చారలమ్మ తొర్రలో మాత్రం నలుగురు పిల్లలున్నారు, గింజ లేదు. వానలా, ముంచుకొస్తున్నాయి. అడగడానికి వెళ్ళింది.

ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చినవాడైనా లేచొస్తాడంటారు. అడిగేదాన్ని చూసి, లేచి కూర్చున్న నక్క మామ పడుకున్నాడు.

"ఐపీ పెట్టేశాను చారలమ్మా, దివాలా! ఈ బొరియా, ఇందులో కాయలూ మొన్ననే మా బామ్మర్ది తోడేలుకి దానం రాసేశాను. నాదంటూ మిగిలింది ఈ తోకొక్కటే. కావాలంటే పట్టుకుపో!"

చారలమ్మ తగువులు తీర్చే ఏనుగు తాత దగ్గరికి పరుగెత్తింది. తాత బావాబామ్మర్దులిద్దర్నీ పిలిపించాడు.

"రాత ఉంది తాతా, సాక్షులూ ఉన్నారు," అన్నాడు నక్క మామ దర్జాగా.

చారలమ్మ మనసులోనే రామయ్యకి దణ్ణం పెట్టుకుని తోడేలు వైపు తిరిగింది.

"అయ్యా, బొరియ తమదేనా?"

"నాదే."

"కాయలు?"

"అవీ నావే!"

"మరి దివాలా తీసినాయన్ని తమ బొరియలో ఉంచుకోవడం దేనికి? రేపు అప్పులవాళ్ళంతా వచ్చి తమ గుమ్మం మీద పడరూ?"

తోడేలు చెవులు నిక్కాయి. "నిజమే సుమీ! బావా, పొద్దుగూకేలోగా ఖాళీ చెయ్యి. అక్కని కూడా తీసుకుపో."

"ఒరేయ్ బామ్మర్దీ! అది ఉత్తుత్తి రాతరా! అప్పులవాళ్ళ కళ్ళు కప్పడానికేగా రాసుకున్నాం! ఆస్తి నాదేరా!" అని అరిచి, నాలిక్కరుచుకున్నాడు నక్క మామ.

ఏనుగు తాత తొండం ఎత్తాడు. "నీ నోటితోనే అన్నావు. బాకీ ఎగ్గొట్టడానికి రాసిన రాత చెల్లదు. ఆ కాయల మీద ముందు హక్కు అప్పిచ్చినదానిది. చారలమ్మా, నీ రెండు గంపలు కొలుచుకో. మూడోది మాత్రం ముట్టుకోకు, అదీ ధర్మమే."

"అమ్మయ్య! నావి నాకొస్తే చాలు తాతా, మూడోది నాకెందుకూ!" అంది చారలమ్మ.

తొలకరి చినుకు పడేసరికి పిల్లలు నలుగురూ కడుపునిండా తిని, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. నక్క మామకే నిద్ర లేదు. తోడేలు ఆ రాత పట్టుకుని బొరియ ముందే కూర్చున్నాడు మరి. "బావా, ఇంతకీ నాకు రాసినట్టా, రాయనట్టా?"

ఆస్తి పేరు మారితే అప్పు మాసిపోదు.