ఏనుగు తాతకు జలుబు చేసిన వేసవి

అనగనగా ఒక అడవిలో, మే నెల పదకొండో తారీకు ఆదివారం నాడు, పొద్దున ఎనిమిదింటికే బండలు కాలిపోతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ముఖానికి కొడుతోంది. తారీకు ఇంత కచ్చితంగా ఎలా తెలుసని అడుగుతారేమో. ఆ అడవిలో చల్లగుట్ట మీద అచ్చమ్మవ్వ అనే తాబేలు ఉండేది. నూటపాతికేళ్ళుగా ఆమె రోజులు లెక్కపెడుతోంది. ఒక్కటీ తప్పలేదు.

ఆ పొద్దున భద్రాలు అనే ఎలుగుబంటి తేనె వేట ముగించుకుని ఇంటికి వచ్చింది. ఇల్లంటే గుట్ట మీద గుహ. గుహ ముందు ఒక దొన. దొన అంటే కొండరాతిలో దానంతట అది ఏర్పడిన లోతైన గుంట. వానాకాలంలో నిండితే ఏడాదంతా గుట్ట మీద వాళ్ళకు అవే నీళ్ళు. ఆ నీళ్ళలోనే అచ్చమ్మవ్వ కాపురం. గుహలో ఒక పక్క భద్రాలు, ఇంకో పక్క శేషాచలం తాత అనే ముసలి ఏనుగు.

భద్రాలు ఒళ్ళంతా జిగట. జుట్టునిండా తేనెతుట్టె ముక్కలు. వెనకాల చీమల బారు.

"తాతా, నీళ్ళు కాగాయా?" అని కేకేసింది.

"సలసల మరుగుతున్నాయమ్మాయ్," అన్నాడు తాత.

నీళ్ళు కాగేది ఒక రాగి డేగిసాలో. డేగిసా అంటే నలుగురు పట్టుకుంటే గానీ లేవని పెద్ద వంటపాత్ర. ఎప్పుడో కార్తీకమాసంలో వనభోజనాలకు వచ్చినవాళ్ళు దాన్ని వదిలేసి పారిపోయారు. పులి గాండ్రించిందని వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారట. అది శేషాచలం తాత ఆవలింత.

సరే, స్నానం సంగతి చెప్పాలి కదా. తాత రోజూ తెల్లవారుతూనే వెళ్ళి మోపెడు ఎండుకట్టెలు తెచ్చేవాడు. దగ్గర్లో కట్టెలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు రెండు గుట్టలు దాటి వెళ్ళాలి. భద్రాలు చెకుముకి రాయి కొట్టి పొయ్యి రాజేసేది. నీళ్ళు మరిగేవి. మరిగిన నీళ్ళు ఒళ్ళు కాలుస్తాయి కాబట్టి దొనలోంచి చన్నీళ్ళు కలిపేవారు. అవి మరీ చల్లబడితే మళ్ళీ వేణ్ణీళ్ళు. మళ్ళీ చన్నీళ్ళు. అప్పుడు తాత తొండంతో పీల్చి, భద్రాలు నెత్తిమీద జల్లులా పోసేవాడు.

భద్రాలు ఒళ్ళు తడిసేది. ఆ తర్వాత కుంకుడు నురుగు పెట్టి తీరిగ్గా రుద్దుకునేది. రుద్దుకుంటూ ఆ రోజు తేనెటీగలు ఎలా తరిమాయో, చెట్టు ఎలా ఎక్కిందో మొదటినుంచి చెప్పేది. అంతసేపూ నీళ్ళు పడుతూనే ఉండేవి. పెట్టిన నురుగు పెట్టినట్టే కొట్టుకుపోయేది. మళ్ళీ పెట్టుకునేది.

"కాసేపు ఆపనా అమ్మాయ్?" అన్నాడు తాత.

"ఆపకు తాతా, చలేస్తుంది!"

మే నెలలో చలి! తాత మూడో డేగిసా ఖాళీ చేశాడు.

స్నానమయ్యాక అచ్చమ్మవ్వ దొన అంచుకు పాక్కుంటూ వచ్చింది.

"భద్రాలూ, ఇటు రా. లోపలికి చూడు."

దొన గోడకు రాతి వరసలు ఏడున్నాయి, మెట్లలాగా.

"ఉగాదికి నీళ్ళు ఏడో వరసకున్నాయి. ఇవాళ మూడో వరస. ఎండలు ముదిరాక వారానికొకటి దిగుతోంది. అంటే ఇంకో మూడు వారాలు. మృగశిర కార్తె వచ్చి వాన పడడానికి నాలుగు వారాలుంది. ఆ నాలుగో వారం నేనెక్కడుండాలమ్మా?"

"అందరం తాగుతున్నాం కదవ్వా! నన్నొక్కదాన్నే అంటావేం?"

"అందరం కలిసి వారం రోజులు తాగే నీళ్ళు నీకు రెండు స్నానాలకు చాలవే తల్లీ."

భద్రాలుకు రోషం వచ్చింది. "నేనేమైనా సరదాకి పోసుకుంటున్నానా? ఒళ్ళంతా తేనె! నువ్వయితే డిప్ప తుడుచుకుంటే సరిపోతుంది."

సరిగ్గా అప్పుడే ఎదురుగా పెద్దగుట్ట నుంచి తాత మేనల్లుడు అప్పలస్వామి దిగబడ్డాడు. వయసులో ఉన్న ఏనుగు. వాళ్ళ గుట్ట మీద దొన దీనికి రెండింతలు. అందులో రోజుకు మూడుసార్లు దిగి, గుట్టంతా తడిసేలా చిమ్ముకునేవాడు.

"ఏం మామా, ఈ వదినకు నీళ్ళు పోసే కొలువు ఇంకా వదల్లేదా?" అని నవ్వాడు. "ఇక్కడ నీళ్ళు అయిపోతే మా గుట్టకు వచ్చెయ్. అవ్వను కూడా తీసుకురా. భద్రాలు వదినకు మాత్రం చోటు లేదు. ఈవిడ వస్తే మా దొన కూడా తాగేస్తుంది!"

అని చెవులు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

భద్రాలు గుహలోకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. నీళ్ళు అయిపోతే అవ్వకు ఇల్లు పోతుంది. తనకు ఇల్లూ పోతుంది, వెళ్ళడానికి చోటూ ఉండదు. చాలాసేపు ఆలోచించి లేచింది.

"రేపట్నుంచి నేను స్నానమే చెయ్యను!" అంది.

పంతం పడితే భద్రాలు అంతే. మొదటిరోజు చీమలు చెవుల్లో దూరాయి. రెండోరోజు ఈగలు ముసిరాయి. తాత పడక గుహ చివరికి జరుపుకున్నాడు. మూడోరోజు ఏకంగా తేనెటీగలే వచ్చాయి. వాటి తేనె వాసన వాటికి తెలియదా? "దొంగ ఇక్కడే ఉంది!" అంటూ గుహ మీద పడ్డాయి. భద్రాలు పొదలోకి దూరింది. తాతకు దూరడానికి పొద ఎక్కడ దొరుకుతుంది? వెళ్ళి దొనలో పడుకుని తొండం కొస మాత్రం పైకి పెట్టాడు.

"నా ఇంట్లో నువ్వు పడుకుంటే నేనెక్కడ పడుకోను?" అని నీళ్ళలోంచి అవ్వ గొంతు.

పొద్దుగూకేదాకా అలాగే ఉన్నాడు. పదిహేనో తారీకు గురువారం నాటికి తాతకు జలుబు చేసింది.

జలుబంటే మామూలు జలుబు కాదు. మన ముక్కు రెండంగుళాలుంటేనే మనం అంత బాధపడతామే! తాత ముక్కు ఆరడుగులు. ఒక్క తుమ్ము తుమ్మితే ఎదుటి చెట్టు మీది ఆకులన్నీ రాలాయి.

"డీళ్ళు పీల్చలేడబ్బా," అన్నాడు తాత దీనంగా, ముక్కు దిబ్బడేసి "న" అనబోతే "డ" వస్తుంటే. "కట్టెలకు కూడా పోలేడు."

భద్రాలు ఒంటిమీద నాలుగు రోజుల తేనె. కట్టెలు లేవు, పొయ్యి లేదు, నీళ్ళు పోసే తొండం లేదు. ఉన్నది ఒక ఎండిన సొరబుర్ర.

"అవ్వా, ఇప్పుడేం చెయ్యను?" అంది ఏడుపు గొంతుతో.

అవ్వ ఆమెను పైనుంచి కిందకు చూసింది. "నువ్వు తేనె తింటావా, తినవా?"

"అదేం ప్రశ్న అవ్వా? ప్రాణం!"

"మరి ఒంటిమీది తేనెను నీళ్ళతో కడిగి పారబోస్తావెందుకే?"

భద్రాలు చెయ్యి నాకింది. మోచెయ్యి నాకింది. మధ్యాహ్నందాకా పొట్ట, కాళ్ళు, అందినంత మేరా నాకుతూనే ఉంది. వీపు అందకపోతే ఎండుగడ్డిలో పొర్లింది. ఇన్నేళ్ళుగా ఎంత తేనె నీళ్ళపాలు చేసిందో తలుచుకుంటూ వేళ్ళ సందులు కూడా వదల్లేదు.

ఒళ్ళు చాలామటుకు శుభ్రపడింది. ఇక డేగిసా దగ్గరికి వెళ్ళింది. మర్నాటి స్నానానికని ఆదివారమే తాత సగం నింపి పెట్టిన నీళ్ళతో, నాలుగు రోజులుగా అది నల్లబండ మీద ఎండలోనే ఉంది. వేలు పెట్టి చూసి ఉలిక్కిపడింది.

"తాతా! పొయ్యి లేదు, కట్టె లేదు, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి! ఎవరు కాచారు?"

"పైడ ఉడ్డవాడు," అన్నాడు తాత, తొండం సూర్యుడి వైపు ఎత్తి.

భద్రాలు సొరబుర్రతో ముంచుకుంది. మూడు బుర్రలకు ఒళ్ళు తడిసింది. బుర్ర పక్కన పెట్టి కుంకుడు నురుగు పట్టించింది. నీళ్ళు పడకపోయేసరికి నురుగు ఎక్కడిదక్కడే నిలిచి, మురికి దానంతట అది ఊడివచ్చింది. చలీ వెయ్యలేదు. ఇంకో ఆరు బుర్రలు పోసుకుంది. జుట్టు నల్లగా నిగనిగలాడింది.

తొమ్మిది బుర్రలు! డేగిసాలో ఇంకా నీళ్ళు మిగిలాయి. వాటితో మర్నాటి స్నానం కూడా అయింది.

పదిరోజులకు తాత జలుబు తగ్గింది. తెల్లవారుతూనే లేచి, తొండం సాఫు చేసుకుని, "అమ్మాయ్, పాపం ఇన్నాళ్ళూ బుర్రలతో అవస్థపడ్డావు. కట్టెలు తేనా? మునుపటిలా పొయ్యనా?" అన్నాడు.

భద్రాలు మనసు ఒక్కక్షణం ఊగింది. నెత్తిమీద జల్లు పడుతుంటే ఉండే హాయి ఆమెకు తెలుసు. దొన వైపు చూసింది. అవ్వ తల బయటపెట్టి ఆమెకేసే చూస్తోంది.

"కట్టెలొద్దు తాతా. ఎండ కాచిన నీళ్ళే పొయ్. నేను ఆపమన్నప్పుడు ఆపు."

తాత పోశాడు. ఒళ్ళు తడవగానే భద్రాలు "ఆపు!" అని అరిచింది. తాత నిలబడిపోయాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఈ మాట నీ నోట వింటాననుకోలేదే అమ్మాయ్," అన్నాడు.

జూన్ ఏడు వచ్చింది. మృగశిర కార్తె మొదలైంది. వాన రాలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. ఎండ మండుతూనే ఉంది.

పన్నెండో తారీకు పొద్దున పెద్దగుట్ట వైపు నుంచి దుమ్ము లేచింది. ముందు జింకలు, వాటి వెనక అడవిపందులు, కుందేళ్ళు. అందరికన్నా వెనక, తల దించుకుని, ఒంటినిండా ఎండిన బురదతో అప్పలస్వామి. రెండింతలున్న వాళ్ళ దొనలో పగిలిన మట్టే మిగిలింది.

అతను మామ దగ్గరికి వెళ్ళాడు. "మామా, రెండు రోజులైంది గొంతు తడిసి."

"నన్నడక్కు నాయనా," అన్నాడు తాత. "ఇక్కడ నీళ్ళు నిలిపింది ఆవిడ. ఆవిణ్ణే అడుగు."

అప్పలస్వామి భద్రాలు ముందు నిలబడ్డాడు.

"ఏం బాబూ, మీ గుట్ట మీద ఇప్పుడైనా నాకు చోటు దొరుకుతుందా?" అంది భద్రాలు. కుందేళ్ళు కిసుక్కుమన్నాయి. తర్వాత ఆమె సొరబుర్ర తీసి అతని చేతికి, అదే, తొండానికి అందించింది. "తాగు. దొనలో దిగకు. కడుపు నిండగానే ఆపు."

కొండంత ఏనుగు బుద్ధిగా సొరబుర్రతో ముంచుకుని తాగాడు. ఎంతసేపు పట్టిందో అడక్కండి. కుందేళ్ళు కూర్చుని చూసి, ఇళ్ళకు వెళ్ళి, మళ్ళీ వచ్చి చూశాయట.

అలా వారం రోజులు రెండు గుట్టల జంతువులూ ఆ చిన్న దొన నీళ్ళే తాగాయి. పంతొమ్మిదో తారీకు గురువారం మధ్యాహ్నం తూర్పున ఉరిమింది. మొదటి చినుకు నీళ్ళలోంచి తల ఎత్తిన అచ్చమ్మవ్వ ముక్కు మీద టప్పున పడింది. అప్పటికి అవ్వ వీపు మీద ఇంకా నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి.

"గెలిచాం!" అని అరిచింది అవ్వ. నూటపాతికేళ్ళలో ఆమె అరవడం అదే మొదటిసారి.

వాన విరుచుకుపడింది. జింకలు గంతులేశాయి. తాత ఘీంకరించాడు. అందరూ కలిసి భద్రాలును తాత వీపు మీదికి ఎక్కించి దొన చుట్టూ మూడుసార్లు ఊరేగించారు. ఆమె జల్లులో తడుస్తూ, చేతులు చాచి, గొంతెత్తి అంది:

"ఇవాళ మాత్రం ఎవరూ ఆపొద్దు!"

ఆ తర్వాత చాలా ఏళ్ళకు శేషాచలం తాతకు కాలం దగ్గరపడింది. అందరినీ పిలిచి పంపకాలు చెప్పాడు. దొన అచ్చమ్మవ్వకు, ఆమె పిల్లలకు, వాళ్ళ పిల్లలకు. రెండు గుట్టల అవతలి ఎండుకట్టెలు చలికాలంలో వణికే కుందేళ్ళకు. నల్లబండ, రాగి డేగిసా, సొరబుర్ర, వాటితోపాటు ఎవరికైనా సరే "ఆపు" అని చెప్పే పెద్దరికం భద్రాలుకు.

"మరి నాకో మామా?" అన్నాడు అప్పలస్వామి.

"నీకు రెండింతల దొన పుట్టుకతోనే వచ్చింది కదరా," అన్నాడు తాత.

పంపకాల్లో అప్పలస్వామికి ఏమీ దక్కలేదు.

నీతి: ఒళ్ళు రుద్దుకునేటప్పుడు ధార ఆపండి, ఎండ కాచిన నీళ్ళుంటే పొయ్యి వెలిగించకండి, మీరు మిగిల్చిన నీళ్ళలో ఎవరిదో ఒక ఇల్లు ఉంటుంది.