చెట్టెక్కి ఇచ్చిన ఉత్తర్వు

కొండవల్లి సంస్థానంలో ఏ ఊరి పంచాయతీ ఆ ఊరికి ఉండేది. కొత్త దివాను భానోజీ అన్నిటినీ రద్దుచేసి, కోటలో ఒకే మహాసభ పెట్టాడు. "ఇకమీదట చెరువు గట్టు తెగినా, గొడ్డు చేలో పడినా సభ కోటలో కూడి తీర్పు చెబుతుంది. ఊళ్లో ఎవరూ సొంతంగా ఏమీ చేయకూడదు" అని దండోరా వేయించాడు. తీర్పు వచ్చేలోగా పంట మునిగిపోదా అని జనం గొల్లుమన్నారు. దివాను వినలేదు.

ఒకనాడు ఆయన నేరళ్లపాడు చూడవచ్చాడు. ఊరి ఆంబోతు రంకె వేసి వాళ్లను తరుముకొచ్చింది. భటులు తలో గోడ చాటుకూ పరిగెత్తారు. దివాను చింతచెట్టెక్కాడు. ఆంబోతు కింద కాలు దువ్వుతూ నిలబడింది.

పాలకుండతో అటు వచ్చిన ఆ ఊరి పాలామె నూకాలును చూసి దివాను, "ఏయ్, దీన్ని తోలు!" అని అరిచాడు.

"అమ్మో, మహాసభ చెప్పకుండానా దొరా? ఇప్పుడే కోటకు మనిషిని పంపిస్తాను. అందాకా కొమ్మ గట్టిగా పట్టుకోండి."

"సభకు పెద్దను నేనే!"

"సభ కోటలో కూడాలి గదా దొరా. చెట్టు మీద కూడితే చెల్లుతుందా?"

కొమ్మ కిర్రుమంది.

"మీ పంచాయతీ మీకిచ్చేశాను!"

"మాకొక్కరికే ఇస్తే పక్క ఊళ్లవాళ్లు నన్ను బతకనిస్తారా?"

"అందరిదీ ఇచ్చేశాను తల్లీ!"

భటులంతా విన్నారు. నూకాలు నాలుక చప్పరించి "రా అయ్యా" అనగానే ఆంబోతు మేకపిల్లలా ఆమె వెంట నడిచింది.

దివాను దిగి పళ్లు కొరికాడు. "ఈ పని ముందే చేయలేకపోయావా?"

"చేసేదాన్నే దొరా. ఊరికి అధికారం ఇప్పుడే గదా తిరిగొచ్చింది!"